రొట్టెల బండి మీద కాటుక వేలు

నేను రాసే పేర్లన్నీ చచ్చిపోయిన ఇంగ్లీషువాళ్ళవి. రొట్టెలు అమ్మినవాళ్ళు, పాలు పోసినవాళ్ళు, చేపలు వేయించి పొట్లాలు కట్టినవాళ్ళు. ఎక్కడో వాళ్ళ ఊళ్ళలో, వాళ్ళ వ్యాన్ల మీద, ఎప్పుడో రాయించుకున్న పేర్లవి. వాటిని ఇప్పుడు కువైట్‌లో, అమ్ఘరా తుక్కు యార్డుల మధ్య ఒక రేకుల షెడ్డులో కూర్చుని నేను మళ్ళీ రాస్తున్నాను. పేరు పక్కన తరచూ ఒకే మాట ఉంటుంది: ‘అండ్ సన్స్’. తండ్రీ కొడుకులూ ఒకే బండి మీద, ఒకే వరసలో, బంగారు రంగులో ఉంటారు. నాకు కొడుకులూ లేరు, కూతుళ్ళూ లేరు. ఎందుకు లేరో చెప్పాలంటే ఈ బండ్ల సంగతి చెప్పాలి.

మాది కోనసీమ. పని నేర్చుకున్నది రావులపాలెంలో, లారీ బాడీలు కట్టే షెడ్డులో. తామరపువ్వు, నెమలి, ఆవూదూడా, వెనక తలుపు మీద ‘నన్ను చూసి ఏడవకు’. ఇవి నిద్రలో లేపి వెయ్యమన్నా వేసేవాణ్ణి. అక్కడ ఒక పద్ధతి ఉండేది. లారీకి ఆఖరి పూత పడ్డాక, ఓనరు వచ్చి చూడకముందే, ఎవరికీ కనపడని చోట పెయింటరు నల్లగా ఒక చుక్క పెట్టాలి. పసిపిల్లకి అరికాల్లో పెట్టినట్టు. అంత అందంగా తయారైన బండిని జనం కళ్ళలోకి వట్టినే తోలేస్తామా? చుక్క పెట్టని పెయింటరుకి మా షెడ్డులో రెండో బండి ఇచ్చేవాళ్ళు కారు.

కువైట్‌కి వచ్చింది ఇళ్ళకి రంగులు వెయ్యడానికి. గోడలన్నీ ఒకే రంగు, ఇసుక రంగు. బయట ఇసుక, లోపల ఇసుక రంగు, ఎందుకు పుట్టాన్రా దేవుడా అనిపించేది. ఒకరోజు కంపెనీ పికప్ తలుపు మీద సరదాకి ఒక నెమలిని వేశాను. దాన్ని చూసిన ఒకాయన నన్ను అమ్ఘరా షెడ్డుకి తీసుకొచ్చాడు. నిజామాబాదు వైపు మనిషి, ఒకప్పుడు కూలీగా వచ్చి, మెకానిక్కయి, ఇప్పుడు ఆ షెడ్డుకి ఫోర్‌మన్. అలా ఆ షెడ్డు యజమాని, నా వీసాకి పూచీ ఉన్న మా కఫీల్ చేతిలో పడ్డాను.

మా కఫీల్‌కి పాత ఇంగ్లీషు వ్యాన్ల పిచ్చి. ఇక్కడి డబ్బున్నవాళ్ళలో కొందరికి డేగల పిచ్చి, కొందరికి ఒంటె పందేల పిచ్చి. ఈయన చిన్నప్పుడు వాళ్ళ వీధిలోకి అలాంటి వ్యానొకటి ఐసు దిమ్మలు వేసుకుని వచ్చేదట. ఆ చల్లదనం ఆయన బుర్రలోంచి పోలేదు. ఇప్పుడు ఇంగ్లండులో పొలాల్లో, పాకల్లో తుప్పు పట్టి పడి ఉన్నవాటిని కొని ఓడల మీద తెప్పిస్తాడు.

నేను కూడా మొదట్లో ఇదేం పిచ్చి అనుకున్నాను. తరవాత తరవాత నాకే వాటిమీద మనసు పడింది. కారంటే మనిషి కూర్చుని షికారు పోయేది. ఈ వ్యాన్లు అలా కాదు, ఒక్కొక్కటీ ఒక్కొక్క పని కోసం పుట్టింది. పాలబండికి పక్క తలుపులుండవు, డ్రైవరు నిలబడే తోలతాడు. ఇంటింటికీ దిగి సీసా పెట్టి ఎక్కాలి కదా, తలుపు తీసి వేసే తీరిక వాడికెక్కడిది? మెట్టు కూడా మోకాలికి శ్రమ లేనంత కిందకి ఉంటుంది. చేపలు వేయించే బండికి కప్పు మీద పొగగొట్టం, లోపల ఇనప పొయ్యి. ఎన్నిసార్లు కడిగినా ఎండ ముదిరితే అందులోంచి పాత కొవ్వు వాసన వస్తుంది. ఊరూరా తిరిగి పుస్తకాలిచ్చే బండి ఒకటి వచ్చింది. దాని అరలు వెనక్కి వాలి ఉన్నాయి, మలుపులో పుస్తకాలు పడిపోకుండా. ఎంత ఆలోచించారో అనుకున్నాను. మా కఫీల్ ఆ అరల్ని కోయించేసి కాఫీ మిషన్ పెట్టించాడు. పుస్తకాలు మోసిన బండి ఇప్పుడు షర్క్ వైపు సముద్రం ఒడ్డున నిలబడి కారమెల్ సిరప్ అమ్ముతోంది. ఇక్కడికి వచ్చిన ఏ బండికైనా ఆఖరి గతి అదే. చేపల బండీ కాఫీ బండే, అంబులెన్సూ కాఫీ బండే. మనుషులు మాత్రం వేరేనా? టీచరు చేసినవాడూ డ్రైవరే, వడ్రంగీ డ్రైవరే.

నా పని ఆ పేర్లు బయటికి తియ్యడం. పై రంగుని వాటర్ పేపర్‌తో తడిపి రుద్దుకుంటూ పోతే, పొర కింద పొర, అడుగున పాత అక్షరాలు లీలగా కనపడతాయి. వాటిమీద పల్చటి కాగితం వేసి గీతలు ఎత్తుకుంటాను. తరవాత బండికి కొత్త రంగు పడ్డాక అదే చోట అవే అక్షరాలు, అదే వంపుతో రాస్తాను. ఎవడో ముసలి పెయింటరు చెయ్యి అది. ‘ఎస్’ అక్షరం దగ్గర వాడికి చెయ్యి కొంచెం ఎడమకి లాగేది. నేనూ లాగుతాను.

ఇక మా ఆవిడ సంగతి.

మా ఆవిడ నాకంటే ముందే కువైట్ వచ్చింది. సాల్మియాలో ఒక ఇంట్లో పని. వంట, గుడ్డలు, ఇస్త్రీ, ఆ ఇంటి పిల్లలు. ఆమె ఇక్కడుంది కాబట్టే నేనూ వచ్చాను. ఒకే దేశంలో ఉంటే చాలనుకున్నాం, పిచ్చివాళ్ళం. ఆమె ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, ఆ ఇంటి మీద, నా ఇఖామా ఈ షెడ్డు మీద. ఆమె పడక ఆ ఇంటి వంటగది పక్కన, నా పడక అబ్బాసియాలో బ్యాచిలర్ రూములో, మంచం మీద మంచం. శుక్రవారం ఆమెకి సెలవు. బస్సెక్కి అబ్బాసియా వచ్చేది. హోటల్లో పెసరట్టు తినేవాళ్ళం, టీ తాగేవాళ్ళం, మళ్ళీ టీ తాగేవాళ్ళం. మా ఊరివాళ్ళ కుటుంబం ఒకటి అక్కడ ఫ్లాటులో ఉండేది. మేము వెళితే వాళ్ళు కాసేపు కూర్చుని, మొహమాటంగా లేచి, పిల్లల్ని తీసుకుని బజారుకి బయల్దేరేవారు. వాళ్ళు ఎందుకు వెళుతున్నారో మాకు తెలుసు. మాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. మేము తలుపు వేసుకునేవాళ్ళం, కానీ ఆ సిగ్గు మాతోపాటే లోపలికి వచ్చి కూర్చునేది. చాలాసార్లు ఇద్దరం ఊరికే టీవీ చూసి వచ్చేశాం.

దీన్ని కాపురం అంటారా? శుక్రవారం కాపురం. అందులో పిల్లలెలా పుడతారు? పుట్టినా ఎక్కడ పెంచుతాం, వంటగది పక్కనా, మంచం మీద మంచంలోనా? ఆమె ఆ ఇంటి పిల్లలకి అన్నం కలిపి నోట్లో పెట్టేది. వాళ్ళు తెలుగులో ‘ఆకలి’ అనడం కూడా నేర్చుకున్నారని చెప్పి నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజుల్లో రొట్టెల బండి వచ్చింది. వెనక రెండు రెక్కల తలుపు. తీస్తే లోపల చెక్క పట్టాల మీద పొడుగాటి చెక్క పళ్ళేలు, ఒకదాని కింద ఒకటి. లోపలి పళ్ళేన్ని లాగడానికి కొక్కెం ఉన్న కర్ర. వేడి రొట్టెకి చెమట పట్టి మెత్తబడకుండా కప్పులో జాలీలు. రొట్టె కోసం అంత మర్యాద చేసిన బండిని నేనెప్పుడూ చూడలేదు. కఫీల్ దాని చుట్టూ తిరిగి, అరబ్బీ హిందీ కలిపిన తన భాషలో, ఇది కాఫీకి ఇవ్వను, ఇది పోటీకి పోతుంది అన్నాడు. చలికాలంలో సముద్రం ఒడ్డున పాత బండ్ల పోటీ జరుగుతుంది. “అక్షరం అక్షరం పాతదిలాగే ఉండాలి. గెలిస్తే నువ్వు అడిగింది ఇస్తాను” అన్నాడు నాతో. ఫోర్‌మన్ పక్కనే ఉన్నాడు.

నేను అడిగేశాను. కఫీల్ ఇంటి వెనక ఒక గది ఉంది, వంటమనిషి, అతని భార్య ఉండి వెళ్ళిపోయిన గది. ఖాళీగా ఉంటోంది. నా భార్య ఇఖామా మీ ఇంటి మీదకి మార్పించండి, మీ ఇంట్లో పని చేస్తుంది, ఆ గది మాకివ్వండి అన్నాను. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని సరేనన్నాడు.

అటువైపు చిక్కు లేదు. సాల్మియా ఇంటి మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, మంచిదే. వాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, ఇల్లు మారుతున్నారు. ఇఖామా గడువు తీరేలోగా ఎవరైనా తీసుకుంటే రిలీజ్ ఇస్తానని ఆమే చెప్పింది. ఎవరూ తీసుకోకపోతే టిక్కెట్టు కొని ఊరికి పంపేస్తుంది. కావలసిందల్లా మా కఫీల్ ఒప్పుకోవడం. ఈ రోజుల్లో అందుకు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరగక్కర్లేదు, ఆయన తన ఫోన్‌లో అవునని వేలితో నొక్కితే చాలని ఫోర్‌మన్ చెప్పాడు.

మా ఆవిడ ఆ గది కిటికీకని కర్టెను గుడ్డ కొంది. గదిని మేమిద్దరం చూడను కూడా లేదు. కిటికీ ఎంతుంటుందని అడిగింది. మామూలు కిటికీలే అన్నాను.

వార్నిష్ పని నేను శుక్రవారాలే, మా ఆవిడ వచ్చే వేళకి ముందు, పొద్దున్నే చేసేవాణ్ణి. ఆ రోజు షెడ్డులో గ్రైండర్లు తిరగవు, దుమ్ము లేవదు. నేల మీద నీళ్ళు చల్లి, షట్టర్లు దించి, ఒక్కణ్ణే పూత వేసుకోవచ్చు. ఆఖరి పూతకి ముందు పూత వేసిన శుక్రవారం మా ఆవిణ్ణి కూడా షెడ్డుకి తీసుకెళ్ళాను. నేనేం చేస్తానో ఆమె ఎప్పుడూ చూడలేదు. అప్పటిదాకా ఆమెకి తెలిసిన నా పని ఫోన్‌లో ఫొటోలే.

లైటు వేశాను. ముదురు ఆకుపచ్చ బండి, క్రీము రంగు నడుం పట్టీ, పక్కన బంగారు అక్షరాలు, వాటికి ఎర్రటి నీడ. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

“ఏవండీ, ఇదంతా మీరే రాసేరా?” అంది చివరికి.

“మరెవరు రాస్తారే?”

“దేవుడి రథంలాగుందండీ. రొట్టెలేనా ఇందులో మోసేది?”

లోపల పళ్ళేలు లాగి చూపించాను. వంగి వాసన చూసింది. పాత చెక్క వాసన తప్ప ఏం లేదు, కానీ ఆమె మాత్రం పిండి వాసన వస్తోందంది. వెనక్కి తిరిగి మళ్ళీ బండిని పైనుంచి కిందిదాకా చూసి, “చుక్కెట్టేరా?” అని అడిగింది.

పెట్టలేదు. మొదటి బండికి ముందు బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ కడితే ఫోర్‌మన్ పీకి పారేశాడు. కఫీల్ చూస్తే ఊకోడన్నాడు. దిష్టి వాళ్ళకి మాత్రం లేదా? ఎవరైనా మాషా అల్లా అనకుండా బండిని పొగిడితే మా కఫీల్ మొహం మాడ్చుకుంటాడు. జబ్బు అందరికీ ఒకటే, మందే వేరు. అయినా అప్పటినుంచీ నేను మానేశాను.

“ఇంత సేసి వట్టినే వొగ్గేత్తారా? ఎన్ని కళ్ళు పడతాయండీ దీనిమీద!” అంటూనే కంటి కొసనుంచి కాటుక వేలికి తీసుకుని, వెనక తలుపు బందు కింద, రేకు లోపలికి తిరిగే చోట పెట్టేసింది. నేను వద్దని అరిచేలోపే అయిపోయింది. పూత ఇంకా పచ్చిగా ఉంది. వేలు అంటుకుని, చిన్న చప్పుడుతో ఊడి వచ్చింది. గీతలతో సహా వేలిముద్ర నల్లగా పడింది.

ఆమె భయపడిపోయింది. “అయ్యో, పాడుసేసేనా? తుడిసెయ్యండి, తుడిసెయ్యండి.”

తుడిస్తే ఇంకా పాడవుతుంది. ఆరాక వాటర్ పేపర్‌తో రుద్దేస్తే పోతుందని చెప్పాను. మరుసటి శుక్రవారం వాటర్ పేపర్ తడిపి పట్టుకుని ఆ చోటు దగ్గర కూర్చున్నాను కూడా. నా చెయ్యి రాలేదు. ఊరూపేరూ తెలియని పరాయివాళ్ళ పేర్లన్నీ ఎత్తి రాస్తున్నాను, నా ఇంటి మనిషిది ఒక్క చుక్క ఉంటే ఏం పోయిందనిపించింది. ఆఖరి పూత దానిమీదుగా వేసేశాను.

పోటీ రోజు మాకందరికీ కొత్త యూనిఫారాలిచ్చారు. గడ్డి మీద వరసగా బండ్లు, గొడుగుల కింద తెల్ల దుస్తుల పెద్దమనుషులు. నేను మెత్తటి గుడ్డ పట్టుకుని రొట్టెల బండి పక్కన నిలబడ్డాను, ఎవరైనా ముట్టుకుంటే తుడవడానికి. మార్కులు వెయ్యడానికి ఒక ముసలి ఇంగ్లీషాయన వచ్చాడు. చేతిలో చిన్న టార్చి, కర్రకి కట్టిన అద్దం. మోకాళ్ళ మీద కూర్చుని కిందంతా వెతికాడు. వెనక తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. టార్చి బందు కింద ఆగింది. ఫోర్‌మన్ నావైపు చూశాడు.

ఆయన కళ్ళజోడు మార్చుకుని మళ్ళీ చూసి, కఫీల్‌ని పిలిచాడు. నాకొచ్చిన కాస్త ఇంగ్లీషులో అర్థమైంది ఇదీ: పాతకాలంలో కొందరు బండి పెయింటర్లు ఆఖరి పూతకి ముందు వేలు నొక్కి తమ గుర్తు వదిలేవారని ఆయన విన్నాడట, కళ్ళతో చూడటం ఇదే మొదలట. అంత రుద్దినా దీన్నెలా కాపాడారని అడిగాడు.

కఫీల్ ఆ చుక్కని అప్పుడే మొదటిసారి చూస్తున్నాడు. అయినా ఒక్క క్షణం తడుముకోలేదు. “ఒరిజినల్. చాలా జాగ్రత్తగా కాపాడాం” అన్నాడు.

సొమ్మొకడిది, సోకొకడిది అని విన్నాను గానీ ఇంత దగ్గరగా చూడలేదు. నేను “సార్” అంటూ ముందుకి ఒక అడుగు వేశాను. ఫోర్‌మన్ నా చెయ్యి పట్టుకుని బండి వెనక్కి లాక్కెళ్ళాడు.

“ఏం జేస్తున్నవ్ అన్న? పిచ్చి లేసిందా?”

“అది మా ఆవిడ వేలన్నా.”

“తెల్సింది, నీ మొకం జూస్తేనే తెల్సింది. అరబ్బీల ఇంట్ల పనిజేసే ఆడిమనిషి ఏలు అని జెప్తే గీ కప్పు వస్తదా? కప్పు రాకుంటే నీ ఆమె ఇఖామా అయితదా? జర నోర్మూస్కో. కఫీల్ ఖుషీల ఉన్నప్పుడు నేను మాట్లాడ్త, నాది జిమ్మేదారి.”

నోరు మూసుకున్నాను. ఆ మాటలో తప్పేం కనపడలేదు. ఒక చుక్క ఎవరిదంటే ఏంటి, ఇల్లు వస్తుంది కదా అనుకున్నాను. మొదటి కప్పు మాకే వచ్చింది. కఫీల్ నా భుజం తట్టాడు. ఫొటోలో మాత్రం నేను లేను. గుడ్డ పట్టుకున్న చెయ్యి ఒకటి పక్కన కనపడుతుంది, అది నాదే.

శుక్రవారం ఈ సంగతి చెబితే మా ఆవిడ ముందు పకపకా నవ్వింది. “నా ఏలికి ఇంగ్లీషోడి పేరెట్టేరా! మా అమ్మకి సెప్పాలి.” కాసేపటికి నవ్వు ఆగింది. “పోన్లెండి. గదిత్తానన్నాడా మరి?”

“ఇన్షా అల్లా అన్నాడు.”

ఇక్కడ బతికినవాళ్ళకి ఆ మాట సంగతి తెలుసు. ఎవరి నోటినుంచి వస్తే దేవుడు వింటాడో, ఎవరి నోటినుంచి వస్తే వాయిదానో చెవికి తెలిసిపోతుంది. ఆ రోజు నా చెవి వినదలుచుకోలేదు.

బండి ఆయన ఇంటికి వెళ్ళిపోయింది. ముంగిట్లో అద్దాల గది కట్టించి అందులో పెట్టాడు. ఫోన్‌లో వీడియోలు తీసేవాళ్ళు వచ్చారు, పత్రికలవాళ్ళు వచ్చారు. వాళ్ళందరికీ ఆయనే టార్చి పట్టుకుని, ఒంగి, బందు కింద చుక్క చూపించేవాడు. ఆ ముసలి ఇంగ్లీషు పెయింటరుకి వయసెంత ఉంటుందో, ఎలాంటి మనిషో కూడా చెప్పేవాడని విన్నాను. కథ పెరిగింది. వేలు మాత్రం నా పెళ్ళానిదే.

నేను అడిగినప్పుడల్లా రంజాన్ అయ్యాక అన్నాడు. రంజాన్ అయ్యాక, పండగ హడావిడి తగ్గాక అన్నాడు. ఎండలు ముదిరాయి, ఇంగ్లండు వెళ్ళాడు. రేపు రా మాపు రా అనడానికి కూడా మనిషి ఎదురుగా ఉండాలి కదా. ఫోర్‌మన్ మొదట్లో “నేను జెప్పిన అన్న, అయితది” అనేవాడు. తరవాత నన్ను చూడగానే ఏదో స్పానరు వెతుక్కునేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనవాళ్ళు ఊరికే అన్నారా? అక్కడ మామా రిలీజ్ ఇస్తానని కూర్చుంది. ఇక్కడ ఈయనకి ఫోన్ తీసి వేలితో ఒక్కసారి నొక్కే తీరిక లేదు. అదే వేలితో మా ఆవిడ వేలిని ఊరందరికీ చూపించే తీరిక ఉంది.

ఇఖామా గడువు దగ్గరపడింది. మామా ఇంకొన్నాళ్ళు ఆగింది, ఆమెని అననక్కర్లేదు. చివరికి టిక్కెట్టు కొనేసింది.

ఎయిర్‌పోర్టుకి నేను వెళ్ళాను. ఒక పెట్టె, ఒక సంచి. సంచిలో పైనే కర్టెను గుడ్డ మడత కనిపించింది. నేను చూడటం చూసి, “ఊళ్ళో ఏదో కిటికీకి సరిపోద్దిలెండి” అంది. నేను వచ్చే ఏడాదికల్లా ఏదో ఒకటి చేస్తానని, ఇంకో కఫీల్‌ని చూస్తానని, ఏవేవో అన్నాను. ఆమె విని, చాలా నెమ్మదిగా అంది:

“నలభైకొచ్చేసేనండి. ఇంక మనకి పిల్లలు పుట్టరు. ఆ సంగతి నేనొప్పేసుకున్నాను, మీరూ ఒప్పేసుకోండి. ఊరికే ఆశ పెట్టకండి.”

లోపల కౌంటరు దగ్గర ఆమె చెయ్యి వేలిముద్రల మిషన్ మీద పెట్టించారు. అద్దంలోంచి కనపడింది. ఆ వేళ్ళెవరివో ఆ మిషన్‌కి అనుమానం రాలేదు. ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్ళిపోయింది.

కఫీల్ ఇంగ్లండునుంచి వస్తూ పాలబండిని తెప్పించాడు. తలుపుల్లేనిది, నిలబడి తోలేది. ఇదీ పోటీకే. మళ్ళీ రుద్దాను, మళ్ళీ పేరు బయటపడింది. మళ్ళీ ‘అండ్ సన్స్’. పని బాగానే చేశాను. కోపంతో చేసినా చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది, అదే నాకు అసహ్యం. ఆఖరి పూతకి ముందు పూత వేసి, అది ఇంకా అంటుకుంటూ ఉండగా కఫీల్ షెడ్డుకి వచ్చాడు. పక్కన ఎవరో అతిథి, వెనకే ఫోర్‌మన్. చుట్టూ తిరిగి చూశాడు, మాషా అల్లా అన్నాడు, వెనక భాగం దగ్గర ఒంగాడు.

“దీనికి గుర్తేదీ?” అని అడిగాడు.

“ఏ గుర్తు?”

“అదే, ఇంగ్లీషువాడి వేలు. దీనికీ పెట్టు. అన్నిటికీ ఉండాలి, అందరూ అడుగుతున్నారు.”

ఫోర్‌మన్ నావైపు చూసి వద్దన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. నేనింక దేనికోసం ఆగాలి?

“అది ఇంగ్లీషువాడిది కాదు, కఫీల్. నా భార్య వేలది” అన్నాను. అతిథి ముందే అన్నాను.

షెడ్డు కూలిపోతుందనుకున్నాను. ఆయన నవ్వాడు.

“నాకు తెలుసులే. పోటీ రోజే ఫోర్‌మన్ చెప్పాడు.”

నేను ఫోర్‌మన్‌వైపు తిరిగాను. అతను నేల చూశాడు. అంటే ఇన్నాళ్ళూ నేను నోట్లో గుడ్డ కుక్కుకుని దాచింది ఆయన దగ్గర దాగనే లేదు. ఆయనకి తెలుసు. తెలిసే టార్చి వేసి చూపించాడు, తెలిసే ఇన్షా అల్లా అన్నాడు.

“అయితే ఇంకా మంచిది” అన్నాడు కఫీల్, అతిథికి కూడా వినపడేలా. “ఆమెనే రమ్మను. శుక్రవారం సెలవే కదా ఆమెకి, నా డ్రైవర్ని పంపిస్తాను. వచ్చి దీనికీ పెట్టి వెళుతుంది.”

“ఆమె లేదు. ఊరికి వెళ్ళిపోయింది. ఖలాస్.”

ఆయన మొహంలో నిజంగానే ఆశ్చర్యం కనపడింది. నటన కాదు, అదే నన్ను చంపింది.

“అరే, ఎందుకు వెళ్ళింది? ముందే నాతో ఒక మాట చెప్పొచ్చు కదా!”

నేను వంగి కుంచె కడుక్కున్నాను. ఆయన, సరే నువ్వే ఏదో ఒకటి పెట్టెయ్, అంత దగ్గరగా ఎవరు చూస్తారు అని చెప్పి, అతిథిని తీసుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి శుక్రవారం షట్టర్లు దించి, నేల మీద నీళ్ళు చల్లి, పాలబండికి ఆఖరి పూత వేశాను. ఎక్కడా దుమ్ము పడలేదు, వెంట్రుక పడలేదు. అద్దంలా వచ్చింది. ఇంత నున్నటి పని నా చేతిలోంచి ఎప్పుడూ రాలేదు.

చుక్క మాత్రం పెట్టలేదు. దిష్టి తగిలితే తగలనీ.